ఫర్నేస్ బ్లోయర్ మోటార్: కొనే ముందు కొలవాల్సినవి, బిగించాక చూడాల్సింది

ఇంటిని వెచ్చబరిచే ఫర్నేస్‌లో బర్నర్ వెలుగుతుంది కానీ, ఆ వేడిని గదుల్లోకి తోసే బ్లోయర్ నుంచి గాలి రాదు. కాసేపటికి వేడి మితిమీరితే తెగే హై లిమిట్ స్విచ్ బర్నర్‌ని కూడా ఆపేస్తుంది. ఇది చూడగానే చాలామంది మోటార్ కాలిపోయిందని తేల్చేసి కొత్తది తెప్పిస్తారు. దయచేసి ఆగండి. ముందు ఫిల్టర్ తీసి వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడండి. తర్వాత కెపాసిటర్ (మోటార్ తిరగడానికి సాయపడే చిన్న డబ్బా) కొలవండి, ఆ తర్వాత మోటార్ దాకా కరెంటు వస్తోందో లేదో కొలవండి. పాత మోటార్ విప్పి నేలమీద పెట్టాక "కెపాసిటర్ కూడా చూడాలా?" అని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఎక్కువే. చవకైన ఆ చిన్న డబ్బా మారిస్తే సరిపోయే చోట మోటార్ మార్చేస్తున్నారు.

బ్రేకర్ ఆపడం, కరెంటు లేదని మీటరుతో నిర్ధారించుకోవడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను. కెపాసిటర్ మాత్రం పవర్ ఆపాక కూడా చార్జ్ పట్టుకుని ఉంటుంది కాబట్టి డిశ్చార్జ్ చేశాకే ముట్టుకోండి.

మీ మోటార్ ఏ రకమో కూడా ముందే తెలుసుకోండి. బ్లోయర్ హౌసింగ్ (రెక్కల చక్రం చుట్టూ ఉండే రేకు గూడు) మీద విడిగా కెపాసిటర్ ఉండి, మోటార్ నుంచి దానికి రెండు బ్రౌన్ వైర్లు వెళ్తుంటే అది పీఎస్‌సీ (పర్మనెంట్ స్ప్లిట్ కెపాసిటర్) మోటార్. కెపాసిటర్ లేకుండా, మోటార్ వెనక భాగంలో ఎలక్ట్రానిక్ మాడ్యూల్, దానికి ప్లగ్గులు ఉంటే అది ఈసీఎం (ఎలక్ట్రానికల్లీ కమ్యుటేటెడ్ మోటార్). కింద రాసింది ఎక్కువగా పీఎస్‌సీ గురించే. ఈసీఎం సంగతి చివర్లో చెప్తాను.

గుయ్‌మంటుంది, తిరగదు

పవర్ ఆపి వీల్‌ని, అంటే బ్లోయర్ రెక్కల చక్రాన్ని, చేత్తో తిప్పి చూడండి. తేలిగ్గా తిరిగితే నూటికి తొంభై అనుమానం కెపాసిటర్ మీదే పెట్టుకోండి. గట్టిగా బిగుసుకుని ఉంటే బేరింగులు పోయాయి, మోటార్ మార్చాల్సిందే.

కెపాసిటర్ ఉబ్బలేదు కాబట్టి బాగానే ఉందనుకోవద్దు. పైకి కొత్తదానిలా మెరుస్తూ లోపల సగం విలువకి పడిపోయినవి మామూలే. వైర్లు తీసేసి మైక్రోఫారడ్లు కొలిచే మీటరుతో చూడండి. లేబుల్ మీద 10 మైక్రోఫారడ్లు, ప్లస్ ఆర్ మైనస్ 6 శాతం అని ఉంటే, 9.4 కన్నా తక్కువ వస్తే మార్చేయాలి. కొత్తదాని మైక్రోఫారడ్ విలువ అచ్చంగా అదే ఉండాలి. వోల్టేజి మాత్రం 370 ఉన్నచోట 440 పెట్టినా పర్వాలేదు, 440 ఉన్నచోట 370 పెట్టకూడదు.

అసలు చప్పుడే లేదు

థర్మోస్టాట్‌లో ఫ్యాన్‌ని "ఆన్"లో పెట్టండి. డోర్ స్విచ్ (ఫర్నేస్ డోర్ తీస్తే పవర్ ఆపేసేది) నొక్కిపట్టి, కంట్రోల్ బోర్డు నుంచి మోటార్‌కి వెళ్ళే స్పీడు వైరుకీ న్యూట్రల్‌కీ మధ్య కొలవండి. ఫ్యాన్ మోడ్‌లో పనిచేసే స్పీడు, హీట్‌లో పనిచేసే స్పీడు వేరువేరు వైర్లు కావచ్చు, సరైన వైరు మీదే కొలుస్తున్నారో లేదో చూసుకోండి. అక్కడ 120 వోల్టులు ఉండి, కెపాసిటర్ బాగుండి, వీల్ తేలిగ్గా తిరుగుతూ ఉంటే మోటార్ పోయినట్టే. వోల్టేజి రాకపోతే మోటార్ జోలికి వెళ్ళకండి. బోర్డు మీద కారు ఫ్యూజు లాంటి చిన్న ఫ్యూజు, డోర్ స్విచ్, బోర్డులోని రిలే, ఈ వరసలో చూడండి.

కాసేపు తిరిగి ఆగిపోతుంది, చల్లారాక మళ్ళీ తిరుగుతుంది

మోటార్ లోపలి థర్మల్ ఓవర్‌లోడ్ (మోటార్ మరీ వేడెక్కితే దాన్ని ఆపేసే స్విచ్) తెగుతోంది. కారణం బలహీనపడ్డ కెపాసిటర్ కావచ్చు, అరిగిన బేరింగులు కావచ్చు, మోటార్‌ని చల్లబరిచే గాలే తగ్గిపోయి ఉండవచ్చు. కెపాసిటర్‌తో మొదలుపెట్టండి. ఇక్కడొక హెచ్చరిక. డోర్ తీసేసి ఆంపియర్లు కొలిచి, ఎక్కువ వచ్చాయని మోటార్‌ని తప్పుపట్టకండి. గాలికి అడ్డు లేనప్పుడు ఈ రకం బ్లోయర్ ఎక్కువ గాలిని తోస్తుంది, ఎక్కువ కరెంటు లాగుతుంది. డోర్ మూసి కొలిచిందే లెక్క.

చప్పుళ్ళు

కీచుమంటే బేరింగులు. టకటకా కొట్టుకుంటుంటే వీల్ సెట్ స్క్రూ వదులైంది, లేదా వీల్ పక్కకి జరిగి హౌసింగ్‌కి రాసుకుంటోంది.

మార్చేటప్పుడు

హార్స్‌పవర్, ఆర్‌పీఎం, వోల్టేజి, షాఫ్ట్ మందం, తిరిగే దిశ, ఈ ఐదూ పాతదాని లేబుల్‌తో సరిపోవాలి. కెపాసిటర్ విలువ మాత్రం కొత్త మోటార్ లేబుల్ చెప్పినట్టే పెట్టాలి, పాత కెపాసిటర్‌ని తీసి తగిలించకండి. వీల్ తుప్పుతో షాఫ్ట్‌కి పట్టేస్తే షాఫ్ట్‌ని గరుకు కాగితంతో రుద్ది, తుప్పు వదిలించే నూనె వేసి ఓపిగ్గా లాగండి. సుత్తితో కొడితే వీల్ వంగుతుంది, ఆ తర్వాత ఎప్పటికీ వణుకుతూనే ఉంటుంది. సెట్ స్క్రూ షాఫ్ట్ మీది చదునైన వైపే కూర్చోవాలి.

వాడని స్పీడు వైర్లలో కూడా మోటార్ తిరిగేటప్పుడు వోల్టేజి ఉంటుంది. వాటిని బోర్డు మీద "పార్క్" అని రాసి ఉన్న పిన్నులకి పెట్టండి, లేదా ఒక్కోదానికి విడివిడిగా క్యాప్ వెయ్యండి. రెండు కలిపి ఒకే క్యాప్ కింద చుడితే కొత్త మోటార్ వైండింగ్ కాలిపోతుంది.

కొత్త మోటార్ వేశాను, గాలి వస్తోంది, కానీ ఇల్లు వెచ్చబడట్లేదు

నన్ను అన్నిటికన్నా ఎక్కువ తిప్పలు పెట్టింది ఇదే, అందుకే దీన్ని వివరంగా చెప్తాను. మోటార్ మార్చారు. స్విచ్ వేస్తే తిరిగింది. గ్రిల్ దగ్గర చెయ్యి పెడితే గాలి తగిలింది. పని అయిపోయిందనుకున్నారు. తర్వాత చూస్తే బర్నర్ కాసేపు వెలిగి ఆరిపోతోంది, మళ్ళీ వెలిగి మళ్ళీ ఆరిపోతోంది. లిమిట్ స్విచ్ తెగుతోందని బోర్డు కోడ్ చూపిస్తుంది. దాంతో లిమిట్ స్విచ్ మారుస్తారు, తగ్గదు. బోర్డు మారుస్తారు, తగ్గదు.

అసలు కారణం, మోటార్ వెనక్కి తిరుగుతోంది. బ్లోయర్ వీల్ వెనక్కి తిరిగినా గాలి వెనక్కి పోదు. హౌసింగ్ ఆకారం వల్ల అదే నోట్లోంచి బయటికే వస్తుంది, కాకపోతే రావాల్సినదానికన్నా బాగా తక్కువ వస్తుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు. ఆంపియర్లు కొలిచినా లేబుల్ కన్నా తక్కువే చూపించవచ్చు, ఎందుకంటే మోటార్ తొయ్యాల్సిన గాలే తక్కువ. మీటరు చూసి "అంతా బాగుంది" అనుకోవడానికి అదొక కారణం అవుతుంది.

దీన్ని పట్టుకోవడం చాలా సులువు. బ్లోయర్ తిరుగుతుండగా డోర్ తీయండి. డోర్ స్విచ్ పవర్ ఆపేస్తుంది, వీల్ మెల్లగా ఆగుతుంది. ఆగే ముందు టార్చి వేసి ఎటు తిరుగుతోందో చూడండి. చెయ్యి మాత్రం లోపల పెట్టకండి. వీల్ రెక్కలు కొద్దిగా వంగి ఉంటాయి. దోసిలితో నీళ్ళు తోడేటప్పుడు గుంట ఉన్న వైపు ముందుకి ఎలా వెళ్తుందో, రెక్క గుంట వైపు అలా ముందుండి వెళ్ళాలి. రెక్క వీపు ముందుండి వెళ్తుంటే తప్పు.

ఈ పొరపాటు లేబుల్ చదవడం దగ్గరే మొదలవుతుంది. సవ్యదిశ, అపసవ్యదిశ అన్నవి ఎటు నుంచి చూస్తున్నామన్నదాన్ని బట్టి మారతాయి. సీసీడబ్ల్యూ (కౌంటర్ క్లాక్‌వైజ్, అపసవ్యదిశ) తర్వాత ఎల్ఈ అని ఉంటే వైర్లు బయటికొచ్చే చివర నుంచి చూస్తే అపసవ్యదిశ అని అర్థం. ఎస్ఈ అని ఉంటే షాఫ్ట్ చివర నుంచి చూడాలి. చివర ఉన్న ఆ ఎల్ఈ, ఎస్ఈ అక్షరాలని వదిలేసి ముందున్నవి మాత్రమే చూసి కొంటే సరిగ్గా ఉల్టా మోటార్ రావచ్చు. యూనివర్సల్ మోటార్లలో (రకరకాల ఫర్నేస్‌లకి సరిపడేలా చేసినవి) దిశ మార్చడానికి విడిగా ఒక వైర్ల జత ఉంటుంది. మోటార్ మీది బొమ్మ ప్రకారం దాన్ని మార్చి కలిపితే దిశ మారుతుంది. ఫ్యాక్టరీ నుంచి అది మీకు కావలసిన దిశలోనే ఉండి వస్తుందన్న గ్యారంటీ లేదు.

దీనికి తోడు ఇంకొకటి ఉంది. వీల్‌ని కడగడానికి తీసి, తిరగేసి బిగించేస్తారు. అప్పుడు మోటార్ సరైన దిశలోనే తిరుగుతుంది కానీ రెక్కలు ఉల్టా ఉంటాయి. లక్షణాలు అవే. అందుకే విప్పే ముందే హౌసింగ్ మీద మార్కర్‌తో తిరిగే దిశకి బాణం గుర్తు గీయండి, వీల్ మీద షాఫ్ట్ వచ్చే వైపు ఒక గుర్తు పెట్టండి, వీల్ అంచుకీ హౌసింగ్‌కీ మధ్య ఖాళీ ఎంతుందో కొలిచి రాసుకోండి.

సరిచేశాక చేతికి తగిలే గాలిని నమ్మకండి. ఫర్నేస్ ప్లేట్ మీద టెంపరేచర్ రైజ్ పరిధి, అంటే గాలి ఎన్ని డిగ్రీలు వేడెక్కాలో, రాసి ఉంటుంది. బర్నర్ పదిహేను నిమిషాలు నడిచాక సప్లై గాలి (గదుల్లోకి వెళ్ళేది) వేడిలోంచి రిటర్న్ గాలి (ఫర్నేస్‌కి తిరిగొచ్చేది) వేడిని తీసేయండి. తేడా ఆ పరిధిలో ఉండాలి. దాటితే గాలి ఇంకా చాలట్లేదు: దిశ, ఫిల్టర్, హీట్‌కి పెట్టిన స్పీడు వైరు మళ్ళీ చూడండి. పరిధి కన్నా తక్కువ వస్తే స్పీడు ఎక్కువైంది.

మిగతావి

ట్రాన్స్‌ఫార్మర్ పోవడం, థర్మోస్టాట్ వైరు తెగడం, ఏసీ కాయిల్ మీద దుమ్ము పేరుకుని గాలి ఆగడం. ఇవీ ఉంటాయి, కానీ పైవన్నీ దాటాకే వీటి దగ్గరికి రండి.

ఈసీఎం అయితే చవకైన యూనివర్సల్ మోటార్ కోసం వెతక్కండి. గాలి పరిమాణాన్ని తనే సర్దుకునే రకంలో మాడ్యూల్‌ని ఆ ఫర్నేస్ మోడల్‌కే ప్రోగ్రామ్ చేసి ఉంటారు. మోడల్ నంబరుతో కంపెనీ పార్టే తెప్పించండి. చాలాసార్లు పోయేది మాడ్యూల్ ఒక్కటే, మోటార్ వైండింగ్ బాగానే ఉంటుంది. విప్పే ముందు పవర్ ఆపి కనీసం ఐదు నిమిషాలు ఆగండి, లోపలి కెపాసిటర్లు ఖాళీ అవ్వాలి. పవర్ ఉండగా ఆ ప్లగ్గులు పీకకండి.