పాత ఎంజీబీ ఏ కాలం నాటిదో కనిపెట్టడం ఎలా

పాత ఎంజీబీ రోడ్‌స్టర్ (బ్రిటన్‌లో చేసిన, పైకప్పు లేని రెండు సీట్ల స్పోర్ట్స్ కారు) కొందామని చూస్తున్నారా? అమ్మేవాళ్లు చెప్పే సంవత్సరం పక్కన పెట్టి ముందు బంపర్ చూడండి. మెరిసే క్రోమ్ అయితే 1962 నుంచి 1974 మధ్యది, లావుపాటి నల్ల రబ్బరైతే ఆ తర్వాతది, అంటే 1980లో ఇంగ్లండ్‌లోని ఆబింగ్డన్ ఫ్యాక్టరీ మూతపడేదాకా చేసింది. అమెరికా నిబంధనల కోసం ఆ రబ్బరు తగిలించి, కారునే అంగుళం పైన ఎత్తు లేపారు, దాంతో మలుపుల్లో ఒరగడం ఎక్కువైంది (నాకైతే ఆ మూతి ఇప్పటికీ మింగుడుపడదు).

తలుపు హ్యాండిల్ లాగే రకమైతే 1965కి అటూఇటూగా ముందుది, బటన్ నొక్కే రకమైతే తర్వాతది. తలుపులు మార్చేసి ఉండొచ్చు, దీన్నే నమ్ముకోకండి.

ఇంజిన్ ఎప్పుడూ 1798 సీసీయే, కానీ 1964 చివర్లో క్రాంక్‌షాఫ్ట్‌కి (ఇంజిన్ లోపల తిరిగే ప్రధాన ఇరుసుకి) మూడు బేరింగుల బదులు ఐదు పెట్టారు, మన్నిక కావాలంటే ఐదుదే తీసుకోండి. నడిపేటప్పుడు, కారు నెమ్మదిగా దొర్లుతుండగా రెండో గేరు నుంచి ఒకటికి వేయండి. కర్రుమందంటే అది 1967కి ముందు గేర్‌బాక్స్, ఒకటో గేరుకి సింక్రో (గేర్లు గీసుకోకుండా కలిపే ఏర్పాటు) లేదు, లేదా ఉన్నది అరిగిపోయింది.

అసలు టెన్షన్ తుప్పు. దీనికి విడిగా చాసిస్ లేదు, పైకప్పూ లేదు, బలమంతా తలుపుల కింద ఉండే సిల్స్‌దే. అక్కడ పల్చటి గుడ్డ చుట్టిన అయస్కాంతం పెట్టి చూడండి, అంటుకోకపోతే లోపల పుట్టీ. తలుపు మూసినప్పుడు వెనక సందు పైన ఇరుగ్గా, కింద వెడల్పుగా ఉంటే బాడీ మధ్యలో కుంగినట్టే, బేరం కూడా ఆడకుండా వచ్చేయండి.