తంతువుల్లో అయస్కాంత-విద్యుత్ బంధం, 4వ పాఠం: అతుకు వదులైతే ఎంత పోతుంది?

గత పాఠంలో కోబాల్ట్ ఫెర్రైట్ దిమ్మలో బేరియం టైటనేట్ తంతువులు పొదిగిన పదార్థాన్ని చూశాం. అయస్కాంత క్షేత్రం పెడితే ఫెర్రైట్ ఆకారం మారుతుంది, ఆ లాగుడు తంతువుకు అందుతుంది, తంతువు వోల్టేజీ ఇస్తుంది. అయస్కాంత క్షేత్రాన్ని వోల్టేజీగా మార్చే ఆ శక్తి ఈ రెండింటిలో దేనికీ విడిగా లేదు. ఇలా ఒకదాని గుణం ఇంకొకదాని గుణంతో హెచ్చవేసినట్టు పుట్టేదాన్ని 1972లో ఫిలిప్స్ పరిశోధకుడు వాన్ సుఖ్తెలెన్ లబ్ధ గుణంగా వివరించాడు. అంటే పనంతా ఆ రెండూ కలిసే చోటే జరుగుతోంది. మరి అక్కడే అతుకు సరిగ్గా లేకపోతే?

పాత స్కూటర్ యాక్సిలరేటర్ గ్రిప్పు గుర్తు తెచ్చుకోండి. రబ్బరు మెత్తబడింది. మీరు తిప్పిన బలం లోపలి గొట్టానికి అందుతుంది, కానీ మీ చెయ్యి తిరిగినంత గొట్టం తిరగదు. మధ్యలో రబ్బరు కొంత తినేస్తుంది. తంతువునూ ఫెర్రైట్‌నూ అతికించే సన్నని జిగురు పొరా అంతే. దానికి రెండు పక్కలా బలం ఒకటే, కదలిక మాత్రం వేరు. చాలామంది బలం కూడా తగ్గిపోతుందనుకుని లెక్క తప్పుతారు, నేనూ మొదట్లో అలాగే తప్పాను. ఆ కదలికల తేడా బలానికి అనులోమానుపాతంలో ఉంటుందనుకోవడమే స్ప్రింగ్ నమూనా.

ఇప్పుడు లెక్క. తంతువు పొడవు వెంట ఒక పక్కను ముందుకు, ఎదుటి పక్కను వెనక్కి నెట్టే బలాన్నే తీసుకుందాం. ఇలాంటి నెట్టుడుకు ఒక పదార్థం ఎంత ఎదురు నిలుస్తుందో చెప్పేది దృఢతా గుణకం. పొర గట్టితనం = జిగురు దృఢతా గుణకం ÷ పొర మందం. ఎపాక్సీ జిగురుకు గుణకం సుమారు 1 గిగాపాస్కల్, మందం 0.1 మైక్రోమీటర్ అనుకుంటే, గట్టితనం మైక్రోమీటర్‌కు 10 గిగాపాస్కల్. దీన్ని తంతువు వ్యాసార్థంతో హెచ్చవేసి, తంతువు దృఢతా గుణకాన్ని ఆ లబ్ధంతో భాగించండి. వచ్చినదాన్ని మనం వదులు సంఖ్య అందాం.

బేరియం టైటనేట్‌కు ఈ గుణకం 43 గిగాపాస్కల్. వ్యాసార్థం 10 మైక్రోమీటర్లయితే 43 ÷ 100, అంటే 0.43. తంతువునూ పొరనూ కలిపి ఒకే తంతువుగా చూస్తే, దాని దృఢతా గుణకం 43 ÷ 1.43, సుమారు 30కి పడిపోతుంది. తంతువు ఆకారం మారితే ఎంత విద్యుత్ పుడుతుందో చెప్పే పీజో గుణకం కూడా అదే 1.43తో భాగించినంత తగ్గుతుంది: చదరపు మీటరుకు 11.6 కూలుంబుల నుంచి 8.1కి.

అదే జిగురు, అదే మందం, కానీ వ్యాసార్థం 1 మైక్రోమీటర్ అయితే వదులు సంఖ్య 4.3. పీజో గుణకం 2.2 మాత్రమే మిగులుతుంది. 100 మైక్రోమీటర్ల తంతువైతే 11.1, నష్టం లేనట్టే. నాకు ఈ పాఠంలో అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే. అతుకు ఎంత చెడ్డదో దాన్ని ఒక్కదాన్నే చూసి చెప్పలేం, తంతువు ఎంత సన్ననిదో కూడా అడగాలి. అతుకు గట్టిగా ఉంటే ఈ లెక్కలో పరిమాణం ఊసే రాదు.

10 మైక్రోమీటర్ల తంతువులో పీజో గుణకం 30 శాతం పోయింది కాబట్టి అయస్కాంత-విద్యుత్ ఫలితమూ 30 శాతం పోయిందనుకోకండి. పొరతో కలిసి తంతువు మెత్తబడింది, అందుకని చుట్టూ ఉన్న ఫెర్రైట్ దాన్ని ఇంకాస్త ఎక్కువ కదిలించగలదు. తంతువులు దూరదూరంగా ఉన్నాయనుకుని, విద్యుత్ వైపు నుంచి వచ్చే ఎదురు ప్రభావాన్ని పక్కన పెడితే, మిగిలే భాగం ఇలా వస్తుంది. ఫెర్రైట్ దృఢతా గుణకం 45.3 గిగాపాస్కల్. పైన 45.3 + 43 = 88.3. కింద 45.3ను 1.43తో హెచ్చవేసి 43 కలపండి, సుమారు 107.8. భాగిస్తే 0.82. నష్టం 18 శాతమే. 1 మైక్రోమీటర్ తంతువుకు ఇదే లెక్క చేస్తే 0.31 వస్తుంది, కాగితం మీద ఒకసారి వేసి చూడండి.

అభ్యాసం: పొర మందం 0.05 మైక్రోమీటర్లు, వ్యాసార్థం 5 మైక్రోమీటర్లు. వదులు సంఖ్య ఎంత? జవాబు ఇంతకుముందు ఎక్కడో చూసినట్టు అనిపిస్తే, ఎందుకో రెండు వాక్యాల్లో రాసుకోండి.

జిగురు విద్యుత్‌నూ అడ్డుకుంటుంది. దాని రెండు పక్కలా వోల్టేజీ కూడా ఒకటి కాదు. ఆ రెండో వదులును 5వ పాఠంలో కలుపుదాం.