గ్యాస్ట్రిక్ బ్యాండ్ ఆపరేషన్ మీకు తగినదేనా? నిర్ణయానికి ముందు తేల్చుకోవలసినవి

బరువు తగ్గడానికి జీర్ణాశయం చుట్టూ గ్యాస్ట్రిక్ బ్యాండ్ అనే పట్టీ వేయించుకున్నవారు, ఆ బ్యాండ్ ఒంట్లో ఉన్నంత కాలం, దానిని బిగించడం, వదులు చేయడం తెలిసిన డాక్టరుకు అందుబాటులో ఉండవలసి వస్తుంది. వరంగల్, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి ఈ ఆపరేషన్ గురించి ఆలోచిస్తున్నవారు అన్నిటికంటే ముందు చూసుకోవలసింది ఇదేనని నా అభిప్రాయం. ఎన్ని కిలోలు తగ్గుతాయి, ఎంత ఖర్చవుతుంది, మచ్చలు కనబడతాయా అన్నవి ఆ తరువాత అడగవలసిన ప్రశ్నలు.

ముందుగా ఆపరేషన్‌లో ఏం చేస్తారో తెలుసుకోవాలి. పొట్ట మీద చిన్న రంధ్రాలు పెట్టి, ల్యాప్రోస్కోపీ ద్వారా, జీర్ణాశయం పైభాగం చుట్టూ ఒక సిలికాన్ పట్టీని అమరుస్తారు. పట్టీకి పైన చిన్న సంచి మాత్రమే మిగలడం వల్ల, అందులో కొద్దిపాటి ఆహారం చేరగానే కడుపు నిండినట్టు అనిపిస్తుంది. ఆ ఆహారం సన్నని దారి గుండా మెల్లగా కిందికి దిగుతుంది. పట్టీ నుంచి ఒక సన్నని గొట్టం పొట్ట చర్మం కింద ఉంచిన చిన్న పోర్ట్‌కు కలుస్తుంది. డాక్టరు ప్రత్యేకమైన సూదితో ఆ పోర్ట్‌లోకి సెలైన్ ఎక్కిస్తే పట్టీ బిగుసుకుంటుంది, తీసేస్తే వదులవుతుంది. జీర్ణాశయాన్ని కోయరు, పేగుల దారి మార్చరు, అవసరమైతే పట్టీని తీసివేయవచ్చు. ఈ మూడు కారణాల వల్లనే చాలామందికి ఇది మిగతా ఆపరేషన్ల కంటే భయం లేనిదిగా అనిపిస్తుంది.

అయినా అమెరికాలో 2001లో అనుమతి పొంది, కొన్నేళ్లపాటు ఎంతో ఆదరణ పొందిన ఈ పద్ధతి నేడు ప్రపంచమంతటా బాగా తగ్గిపోయింది. ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువగా చేస్తున్నది జీర్ణాశయంలో పెద్ద భాగాన్ని కోసి తీసేసే స్లీవ్ ఆపరేషన్, దాని తరువాత పేగుల దారి మార్చే బైపాస్. కాబట్టి బ్యాండ్ కోసం వెళ్లినా, సర్జన్ మీతో స్లీవ్ గురించి మాట్లాడే అవకాశమే ఎక్కువ. బ్యాండ్ ఎందుకు వెనుకబడిందో ముందే తెలిసి ఉంటే ఆ సంభాషణలో మీరు తడబడకుండా ఉంటారు.

వెనుకబడటానికి ఒక కారణం ఫలితం. దీనిని లెక్కతో చూడడం మంచిది. కిలోలలో ఉన్న బరువును, మీటర్లలో ఉన్న ఎత్తు వర్గంతో భాగిస్తే బీఎంఐ వస్తుంది. ఎత్తు 1.62 మీటర్లు, బరువు 98 కిలోలు ఉన్న మహిళ బీఎంఐ దాదాపు 37. బీఎంఐ 25 దగ్గర ఆమె బరువు సుమారు 66 కిలోలు ఉండాలి కనుక అదనపు బరువు 32 కిలోలు. బ్యాండ్‌తో సాధారణంగా అదనపు బరువులో 40 నుంచి 50 శాతం తగ్గుతుందని లెక్క వేస్తారు. అంటే ఆమె, అన్నీ సక్రమంగా జరిగితే, రెండేళ్లలో 13 నుంచి 16 కిలోలు తగ్గవచ్చు. స్లీవ్, బైపాస్‌లలో తగ్గుదల సగటున ఇంతకంటే ఎక్కువగానే ఉంటుంది. ఆపరేషన్ తరువాత 60 కిలోలకు వస్తానన్న ఆశతో బ్యాండ్ వేయించుకుంటే, 83 కిలోల దగ్గర ఆగినప్పుడు అది మంచి ఫలితమే అయినా ఓటమిలా తోస్తుంది. అందుకే ఈ లెక్కను మీ ఎత్తు, బరువులతో ఇప్పుడే కాగితం మీద వేసుకోండి.

మరో కారణం మళ్లీ మళ్లీ ఆపరేషన్ అవసరం కావడం. పట్టీ స్థానం నుంచి జారిపోవచ్చు, జీర్ణాశయపు గోడను కోసుకుంటూ లోపలికి వెళ్లవచ్చు. పైనున్న సంచి లేదా అన్నవాహిక సాగిపోవచ్చు, పోర్ట్ దగ్గర చీము పట్టవచ్చు, గొట్టం లీక్ కావచ్చు. మొదటి ఏడాది ఏ ఇబ్బందీ లేనివారికి కూడా కొన్నేళ్ల తరువాత ఇవి రావచ్చు. ఏళ్లు గడిచేకొద్దీ చెప్పుకోదగ్గ సంఖ్యలో పట్టీలను సరిచేయడమో, తీసేయడమో చేయవలసి వచ్చిందని సర్జన్ల అనుభవం. తీసివేసిన తరువాత చాలామందికి పోయిన బరువు తిరిగి వస్తుంది.

ఇక అర్హత విషయం. మన శరీర తత్వానికి తక్కువ బీఎంఐ దగ్గరే షుగర్, గుండె జబ్బుల ప్రమాదం మొదలవుతుంది కనుక భారతీయులలో 23 దాటితే అధిక బరువుగా, 25 దాటితే స్థూలకాయంగా పరిగణిస్తారు. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటడం కూడా హెచ్చరికే. ఆపరేషన్ల విషయంలో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు 2022లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం బీఎంఐ 35 దాటినవారికి వేరే జబ్బు లేకపోయినా ఆపరేషన్ సిఫారసు చేయవచ్చు. 30 నుంచి 35 మధ్య ఉండి షుగర్ వంటి జబ్బు ఉన్నవారి విషయంలోనూ ఆలోచించవచ్చు. ఆసియా ప్రజలకు 27.5 నుంచే పరిశీలించవచ్చని అందులో ఉంది. అయితే ఆరోగ్య బీమా నియమం వేరు. బీమా కంపెనీలను నియంత్రించే సంస్థ ఐఆర్‌డీఏఐ నిర్దేశించిన ప్రామాణిక పాలసీ నిబంధనలో 18 ఏళ్లు నిండి ఉండడం, బీఎంఐ 40 దాటడం, లేదా 35 దాటి అదుపులో లేని షుగర్, నిద్రలో శ్వాస ఆగే జబ్బు తీవ్రంగా ఉండడం, గుండె జబ్బు వంటివి ఉండడం, ఇతర మార్గాలు విఫలం కావడం షరతులు. వైద్యపరంగా అర్హులైనవారు బీమాకు అర్హులు కాకపోవచ్చు. ఆరోగ్యశ్రీ కార్డు ఉన్నవారు నెట్‌వర్క్ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తేల్చుకున్న తరువాతే తేదీ నిర్ణయించుకోవాలి.

బీఎంఐ సరిపోయినంత మాత్రాన బ్యాండ్ సరిపోతుందని కాదు. బరువు పెరగడానికి వెనుక థైరాయిడ్ లోపమో, పీసీఓఎస్ వంటి హార్మోన్ల సమస్యో, ఏళ్ల తరబడి వాడిన స్టెరాయిడ్ మాత్రలో ఉన్నాయేమో ముందు పరీక్షించాలి. మోకాళ్ల నొప్పులకని ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గర ఏ మాత్రలు వాడుతున్నామో తెలియకుండా వాడేవారు మన జిల్లాలలో ఎందరో ఉన్నారు. ఆ చీటీలు, మాత్రల పట్టీలు అన్నీ డాక్టరు ముందు పెట్టడం అత్యవసరం. ఎందుకంటే దీర్ఘకాలం స్టెరాయిడ్లు వాడుతున్నవారికి బ్యాండ్ పనికిరాదు, నొప్పి మాత్రలు ఎక్కువగా వాడితే పట్టీ గోడను కోసుకుపోయే ప్రమాదం పెరుగుతుంది. కాలేయం బాగా దెబ్బతిన్నవారు, అన్నవాహిక కదలికలో లోపం ఉన్నవారు, జీర్ణాశయంలో పుండ్లు ఉన్నవారు, మద్యం మానలేనివారు, గర్భవతులు ఇందుకు తగరు. దిగులు వచ్చినప్పుడల్లా తినే అలవాటు, రాత్రి లేచి తినే అలవాటు ఉన్నవారు దానికి ముందు వైద్యం చేయించుకోవాలి. పట్టీ కడుపును బిగిస్తుంది గానీ మనసులోని ఆకలిని తాకదు.

తిండి విషయంలో నేను కొంచెం ఎక్కువసేపు ఆగదలచుకున్నాను, ఎందుకంటే బ్యాండ్ విజయమూ వైఫల్యమూ చాలావరకు పళ్లెం దగ్గరే తేలుతాయి. బ్యాండ్ వేసినవారికి సాధారణంగా ఇబ్బంది పెట్టేవి ముద్దగా అంటుకునే అన్నం, మెత్తని బ్రెడ్డు, పీచుగా ఉండే మటన్, నాటుకోడి ముక్కలు. ఇవి సన్నని దారి దగ్గర ఇరుక్కుని ఛాతీలో నొప్పి, నోటి నిండా నురుగు, వాంతి తెప్పిస్తాయి. రెండు పూటలా అన్నమే తినే మన ఇళ్లలో ఇది చిన్న మార్పు కాదు. చిన్న ముద్దలు, ఒక్కో ముద్దను పేస్టులా అయ్యేదాకా నమలడం, ఇరవై ముప్పై నిమిషాల్లో భోజనం ముగించడం, తింటూ నీళ్లు తాగకుండా అరగంట ఆగడం జీవితమంతా పాటించాలి. ముద్దముద్దకూ నీళ్లు తాగుతూ తినే అలవాటు ఉన్నవారికి ఇదే అన్నిటికంటే కష్టంగా ఉంటుంది.

ఇంతకంటే ప్రమాదకరమైన సంగతి ఒకటుంది. పప్పు, కూర, మాంసం దిగడానికి కష్టపెట్టే ఆ పట్టీ ఐస్‌క్రీమును, కూల్ డ్రింకును, పరమాన్నాన్ని, కల్లును అడ్డుకోదు. సకినాలు, మురుకులు వంటి కరకరలాడేవి నమిలితే పిండిలా జారిపోతాయి. కష్టమైన తిండి మానేసి సులువుగా దిగే తీపి పదార్థాల వైపు మళ్లినవారికి బ్యాండ్ బిగువుగా ఉన్నా బరువు తగ్గదు. కనుక సంక్రాంతి సకినాలు, మేడారం నుంచి వచ్చిన బెల్లం, దసరా నాటి దావత్ మీ ఇంట్లో ఎలా గడుస్తాయో గుర్తు చేసుకోండి. ‘ఇంకొంచెం వేయించుకో’ అని మర్యాద చేసే బంధువుల ముందు మూడు చెంచాల దగ్గర ఆగగలరా అని ఆలోచించండి. తోడుగా ఉండే భార్యో, భర్తో, అత్తమ్మో ఈ మార్పును అర్థం చేసుకోకపోతే మీరొక్కరే మోయడం చాలా కష్టం. వారిని కూడా డైటీషియన్ దగ్గరికి తీసుకువెళ్లడం మంచిది. రోజుకు 60 గ్రాములకు తగ్గకుండా ప్రొటీన్ అందాలి గనుక గుడ్లు, పెరుగు, మెత్తగా ఉడికించిన పప్పు, పనీర్, మెత్తని చేప వంటివి మీ ఇంటి ఖర్చులో, వంటలో ఇమిడేలా ముందుగానే ప్రణాళిక వేసుకోవాలి.

ఇప్పుడు మొదట చెప్పిన దూరం సంగతికి వద్దాం. పట్టీలో మొదటిసారి సెలైన్ నింపడం సాధారణంగా ఆపరేషన్ అయిన ఆరు వారాల తరువాత జరుగుతుంది. ఆపై మొదటి ఏడాదిలో అవసరాన్ని బట్టి అనేకసార్లు, తరువాత కనీసం ఏడాదికొకసారి చూపించుకోవాలి. ఎంత నింపితే సరిపోతుందో ఒక్కసారిలో తెలియదు. తక్కువైతే ఆకలి తగ్గదు, ఎక్కువైతే మంచినీళ్లు కూడా దిగవు. వరంగల్ నుంచి హైదరాబాద్ దాదాపు 150 కిలోమీటర్లు. కాజీపేట నుంచి రైలు సౌకర్యం ఉన్నవారికి అది ఒక రోజు పని. ఏటూరునాగారం, మహదేవపూర్ వైపు ఉన్నవారికి రెండు రోజుల పని, అదీ కూలీ పోగొట్టుకుని, తోడు మనిషిని తీసుకుని. సింగరేణిలో షిఫ్టుల్లో పనిచేసేవారు సెలవు దొరికే తీరును కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఇన్నిసార్లు వెళ్లలేమని అనిపిస్తే, తరచూ బిగింపు అవసరం లేని స్లీవ్ గురించి అడగడం బ్యాండ్ కంటే సబబు. అయితే స్లీవ్‌లో జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతం కోసి తీసేస్తారు, దానిని వెనక్కి తీసుకురాలేము, గుండెలో మంట ఉన్నవారికి అది పెరగవచ్చు. బైపాస్‌లో బీ12, ఇనుము, కాల్షియం మాత్రలు జీవితాంతం వేసుకోవాలి. ఏది ఎంచుకున్నా రక్త పరీక్షలు, డాక్టరును కలవడం తప్పవు.

మందుల మార్గాన్ని కూడా పక్కన పెట్టకూడదు. మౌంజారో, వెగోవీ పేర్లతో 2025లో మన దేశానికి వచ్చిన వారానికొక ఇంజెక్షన్లు పెద్ద ప్రయోగాలలో సగటున 15 నుంచి 20 శాతం దాకా శరీర బరువు తగ్గించాయి. ఖర్చు నెలనెలా ఉంటుంది, ఆపితే బరువు చాలావరకు తిరిగి వస్తుంది, కానీ ఇవి నచ్చకపోతే ఆపవచ్చు. వీటిని ఎండోక్రినాలజిస్టుతో (హార్మోన్ల జబ్బుల డాక్టరుతో) మాట్లాడకుండా సొంతంగా మొదలుపెట్టవద్దు.

సర్జన్ దగ్గరికి వెళ్లినప్పుడు సిగ్గుపడకుండా అడగండి: మీరు ఇప్పటిదాకా ఎన్ని బ్యాండ్లు వేశారు, గత ఏడాదిలో ఎన్ని వేశారు, ఎన్ని తీశారు, బిగింపుల ఖర్చు ప్యాకేజీలో కలిసి ఉందా, రాత్రి రెండు గంటలకు నాకు నీళ్లు దిగకపోతే ఎవరికి ఫోన్ చేయాలి. డైటీషియన్, మానసిక వైద్యుడు, మత్తు డాక్టరు ఉన్న బృందం లేకుండా, ఎండోస్కోపీ, థైరాయిడ్, షుగర్, గుండె, నిద్ర పరీక్షలు చేయకుండా ‘వచ్చే వారమే చేద్దాం’ అనే చోట ఆగి, మరొక సర్జన్ అభిప్రాయం తీసుకోండి. పిల్లలు కావాలనుకునే స్త్రీలు ఆపరేషన్ తరువాత 12 నుంచి 18 నెలలు ఆగవలసి ఉంటుందని, పొగ తాగేవారు ముందే మానాలని కూడా తెలిసి ఉండాలి.

బ్యాండే మీకు తగినదని తేలితే, ఆపరేషన్ నాటి కాగితాలను, బ్యాండ్ కంపెనీ పేరును, అందులో ఎంత సెలైన్ ఉందో రాసిన చీటీని ఎప్పుడూ దగ్గర ఉంచుకోండి. వాంతులు ఆగకపోయినా, నీళ్లు దిగకపోయినా, పొట్టలో తీవ్రమైన నొప్పి వచ్చినా, జ్వరంతో గుండె దడ వచ్చినా తెల్లవారేదాకా ఆగకుండా దగ్గరలోని పెద్దాసుపత్రికి వెళ్లి, మొట్టమొదట ‘నాకు గ్యాస్ట్రిక్ బ్యాండ్ ఉంది, సెలైన్ తీసేయించాలి’ అని చెప్పి ఆ చీటీ చూపించండి. అక్కడివారు మీ సర్జన్‌తో ఫోన్‌లో మాట్లాడేలా ఆయన నంబరును కూడా దాని మీదే రాసి పెట్టండి.