సార్వా ఊడ్పులకు ముందు: నడుము నొప్పి ఉన్నవాళ్లు చూసుకోవాల్సినవి

సార్వాకు, అంటే వానాకాలం వరికి, కాలువలకు నీళ్లు వదిలారంటే మా డెల్టాలో ఆడవాళ్లకు కూలి డబ్బులొస్తాయన్న ధైర్యం ఒకపక్క, ఈ నడుముతో ఎలాగా అన్న టెన్షన్ ఇంకోపక్క. ఆకుమడి (నారుమడి) పోశాక ఊడ్పులకు, అంటే నాట్లకు, మూడు నాలుగు వారాలు టైముంటుంది. నెలల తరబడి నడుమో మోకాళ్లో పీకుతున్నవాళ్లు ఆ వారాల్లోనే సిద్ధపడాలి. మడిలో దిగాక కూలీల ముఠాతో సమానంగా నాటడం తప్ప ఇంకేమీ గుర్తుండదు. నాకు ఎనిమిదేళ్లుగా నడుము నొప్పి. పడ్డదాన్ని కాబట్టి చెబుతున్నాను.

మూడు నెలలు దాటినా తగ్గని నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటారు. మొదట తగిలిన దెబ్బ మానిపోయినా ఈ నొప్పి ఉండిపోవచ్చు. నొప్పి పెరిగిన ప్రతిసారీ లోపల ఏదో పాడైపోతోందని భయపడక్కర్లేదు. అలాగని ఊడ్పుల దాకా మంచం పట్టుకుని ఉండటమూ మంచిది కాదు, కండల్లో బలం పోయి మొదటిరోజే పట్టేస్తుంది. పొద్దున్నే కాలువ గట్టు మీద పది నిమిషాలు నడవడం మొదలుపెట్టి, రెండు మూడు రోజులకోసారి కొంచెం పెంచండి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోండి. అదీ కష్టమైతే అయిదుతో మొదలుపెట్టండి.

ఇక మడిలో. ఒక ఏడాది నొప్పి కాస్త తెరిపిచ్చిన రోజున, ఇదే అదను అనుకుని పొద్దుగూకేదాకా వంచిన నడుం ఎత్తలేదు. తర్వాత మూడు రోజులు మంచం దిగలేకపోయాను, ఆ మూడు రోజుల కూలీ పోయింది. అప్పటినుంచి నొప్పి వచ్చేదాకా చూడను, నారు కట్టల లెక్కన ఆగుతాను. రెండు కట్టలు నాటగానే, నొప్పి ఉన్నా లేకపోయినా, రెండు చేతులూ తొడల మీద ఆనించి పైకి లేస్తాను. నడుము మీద చేతులు పెట్టుకుని మెల్లగా వెనక్కి వాలి, నాలుగు ఊపిర్లు తీసుకుని మళ్లీ వంగుతాను. నిమిషం కూడా పట్టదు.

బురదలో పాదం దిగబడి ఉండగానే వెనకున్న కట్ట కోసం నడుము మెలితిప్పేస్తుంటాం. చాలామందికి కలుక్కుమనేది అక్కడే. ముందు మడమ లేపి కాలు పైకి లాక్కుని, ఒళ్లంతా అటు తిరిగి, అప్పుడు అందుకోండి. తడి ఆకు కట్టలు మోసేటప్పుడు ఒకే చంకన కాకుండా రెండు చేతుల్లోకీ సమానంగా తీసుకోండి.

అన్నిటికన్నా నాకు భయం నొప్పి బిళ్లలతోనే. మడి దగ్గర బాత్రూం ఉండదని ఆడవాళ్లం నీళ్లు తాగడం మానేస్తాం. పొద్దున టీ తాగి, ఖాళీ కడుపున డైక్లోఫెనాక్ లాంటి బిళ్ల వేసుకుని ఎండలోకి దిగుతాం. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు ఆ బిళ్లలు కిడ్నీలను దెబ్బతీస్తాయి, కడుపులో పుండ్లు కూడా పడతాయి. బీపీ, షుగర్, గ్యాస్ సమస్య ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా అసలు వేసుకోవద్దు. చాటుకు ఒక చీర అడ్డం కట్టి, మూత్రానికి వెళ్లే చోటు ఏర్పాటు చేయమని రైతుని ముందే అడగండి. సిగ్గుపడాల్సిన మాట కాదది.

నాకు ఒకాయన పేరు లేని పొట్లంలో చిన్న బిళ్లలిచ్చాడు. రెండు రోజుల్లో లేడిపిల్లలా తిరిగాను, రెండు నెలలకి ముఖం ఉబ్బింది, షుగరు పెరిగింది. అవి స్టెరాయిడ్లని టౌన్లో డాక్టరుగారు చెప్పారు. మీరూ అలాంటివి చాలా రోజులుగా వాడుతుంటే ఒక్కసారిగా ఆపేయకండి, అదీ ప్రమాదమే. పొట్లం పట్టుకెళ్లి డాక్టరుకి చూపించండి, ఆయన మెల్లగా తగ్గిస్తారు.

నడుము నొప్పితో పాటు మూత్రం, విరేచనం అదుపు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా, పాదం వేలాడిపోయినా ఆ గంటలోనే పెద్దాసుపత్రికి వెళ్లాలి. జ్వరం వస్తున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా ఊడ్పులు అయ్యాక చూద్దాం అనుకోవద్దు.

ఊడ్పులు జరిగే రోజుల్లో ఇంటి పని ఎవరెవరు చేస్తారో ఇప్పుడే మాట్లాడుకోండి. చేలోంచి వచ్చి మళ్లీ వంగి వాకిలి ఊడవాల్సి వస్తే ఈ జాగ్రత్తలన్నీ బూడిదలో పోసినట్టే. మేస్త్రికి కూడా, "నేను రెండు కట్టలకోసారి లేస్తాను, చివరి సాలు నాకివ్వండి" అని దిగకముందే చెప్పండి. మా మేస్త్రి మొదట గొణిగాడు. ఇప్పుడు మా ముఠాలో నాతో పాటు ఇంకో నలుగురు లేస్తున్నారు.