సోలారిస్‌లో రూట్ లాగిన్ కాకపోతే: నా అనుభవం

విజయనగరంలో మా ల్యాబ్‌లో సన్ కంపెనీ ఆపరేటింగ్ సిస్టమ్ సోలారిస్ 8 నడిచే పాత సన్ అల్ట్రా 5 కంప్యూటర్ ఉంది. ఒకరోజు రూట్ (అన్ని అధికారాలూ ఉండే ఖాతా) పాస్‌వర్డ్ కొడితే తెర క్షణంపాటు ఖాళీ అయి, మళ్లీ లాగిన్ పెట్టే వచ్చింది. ఎన్నిసార్లు కొట్టినా అంతే. చాలా టెన్షన్ పడ్డాను.

పాస్‌వర్డ్ తప్పయితే ‘లాగిన్ ఇన్‌కరెక్ట్’ అనాలి కదా, అది రాలేదు. గ్రాఫిక్ తెర అసలు కారణం చూపించదు. ఆప్షన్స్‌లో కమాండ్ లైన్ లాగిన్ ఎంచుకుని కొడితే అప్పుడు కనబడింది: ‘నో షెల్’, అంటే మనం కొట్టే కమాండ్లు తీసుకునే ప్రోగ్రామ్ (షెల్) దొరకలేదని. రూట్ షెల్‌ను ఎవరో విడిగా ఎక్కించిన బాష్ అనే మరో షెల్‌కి మార్చారు, తర్వాత ఆ బాష్‌నే తీసేశారు!

‘స్టాప్’, ‘ఏ’ (A) మీటలు కలిపి నొక్కితే సిస్టమ్ ఆగి, బూట్ కమాండ్లు కొట్టే ‘ఓకే’ ప్రాంప్ట్ వచ్చింది. సోలారిస్ సీడీ పెట్టి ‘బూట్ సీడీరామ్ -ఎస్’ కొట్టి, సీడీ నుంచి సింగిల్ యూజర్ మోడ్‌లో బూట్ చేశాను. మెషీన్‌ను మధ్యలో ఆపాను కాబట్టి ముందు డిస్క్‌లో తప్పులు సరిచేసే ఎఫ్ఎస్‌సీకే (fsck) నడిపి, తర్వాతే డిస్క్‌లో సిస్టమ్ ఉన్న రూట్ విభాగాన్ని మౌంట్ చేశాను, అంటే ఫైళ్లు అందేలా కలిపాను. తెర రకాన్ని చెప్పే టెర్మ్ (TERM) విలువను ‘సన్’ అని పెట్టాకే ఫైళ్లు దిద్దే వీఐ (vi) ఎడిటర్ తెరవండి, లేకపోతే తెర చిందరవందర అవుతుంది. డిస్క్‌లోని పాస్‌వర్డ్ ఫైల్లో మొదటి వరుస (రూట్‌ది) చివర ఎస్‌బిన్‌లోని ఎస్‌హెచ్ షెల్ దారి (/sbin/sh) తిరిగి రాశాను. సీడీలో ఉండే ఫైల్‌ను మారిస్తే లాభం లేదు.

రీబూట్ చేయగానే రూట్ లోపలికి వెళ్లింది. బాష్ కావాలంటే లోపలికి వెళ్లాక విడిగా నడుపుకుంటున్నాం.