రేకు ముఖాలు, పాఠం 4: ముక్కు ఎందుకు చిరిగింది?

రాగి రేకును సుత్తితో కొట్టి లేపి, ఆటలో కట్టుకునే ముఖాలు చేస్తున్నాం కదా, ఈసారి కళ్లు మొదలుపెడదామనుకున్నాం. కానీ మీరు పంపిన ఫొటోల్లో చాలా రేకులు ఒకేచోట చిరిగాయి, ముక్కు కొన దగ్గర. అది సరిచేయకుండా ముందుకు వెళ్లి లాభం లేదు.

రేకును అనుమానించకండి. 0.8 మి.మీ. రాగి రేకు మనిషి ముక్కుకు చాలు. దెబ్బలు పడేకొద్దీ రాగి గట్టిపడుతుంది, సాగడం మానేస్తుంది. మెత్తబడటానికి మొదట్లో ఒకసారి మంట మీద కాల్చి, ఇక అదే మెత్తదనం చివరిదాకా ఉంటుందనుకున్నారు. ఉండదు. ఎన్నిసార్లు కాల్చాలని అడిగారు. దానికి లెక్క లేదు, చెవి చెప్పాలి. మెత్తటి రేకు దెబ్బకు 'దబ్' అంటుంది. గట్టిపడ్డ రేకు ఖంగుమంటుంది. ఆ శబ్దం రాగానే సుత్తి కింద పెట్టండి. 'ఇంకో నాలుగు దెబ్బలేగా' అనుకున్నారంటే ఆ నాలుగింట్లోనే చిరుగుతుంది. జనగామ దగ్గరి పెంబర్తికి వెళ్లగలిగితే, రేకు పనివాళ్ల పక్కన కాసేపు కూర్చుని ఈ శబ్దమే వినండి.

కాల్చేది నీడలో, గాలి ఆడేచోట. ఎండలో ఎరుపు కనబడక అతిగా కాలుస్తారు, రేకు గరుకుదేలుతుంది. మసక ఎరుపు రాగానే మంట తీసేయండి. రాగిని వెంటనే నీళ్లలో ముంచవచ్చు. ఇత్తడిని మాత్రం ఎరుపు పోయేదాకా వదిలేయాలి, లేకపోతే పగలవచ్చు. నేర్చుకునేవాళ్లకు నేను రాగినే చెబుతాను.

రెండో కారణం, ముక్కు దగ్గరే కొట్టడం. చపాతీ ముద్దను వేలితో మధ్యలో పొడిస్తే అక్కడే పలచబడుతుంది కదా, ఇదీ అంతే. ముందు ముఖమంతా వెడల్పుగా ఉబ్బించండి. తర్వాత బుగ్గల వైపు నుంచి లోహాన్ని ముక్కులోకి తోసుకురండి. దీనికి ఇనుప ఉలి కన్నా గుండ్రంగా అరగదీసిన చింత చెక్క మేలు.

కొందరు కర్ణాటక తీరంలోని తుళునాడులో కొలిచే పంది దైవం పంజుర్లి ముఖం చూసి, ఆ పంది మూతిని ఒకే రేకులోంచి లేపబోయారు. భూతకోలలో, అంటే అక్కడి దైవాలను కొలిచే ఆటలో, కనిపించే అలాంటి లోహపు ముఖాలు ఎక్కువగా పోత పని. రేకుతోనే చేయాలంటే మూతిని విడిగా చేసి రివెట్లు కొట్టండి. మన పద్ధతికి దగ్గరివి హిమాచల్‌లోని కులు దసరాకు పల్లకీల మీద వచ్చే దేవతల మోహ్రాలు (లోహపు ముఖాలు), వాటిలో చాలావరకు కొట్టి లేపినవే. మెరుగు కూడా అంతటా పెట్టకండి. కాగడా వెలుగులో నునుపైన బుగ్గ ఒకే మెరుపు ఇస్తుంది. సుత్తి గుర్తులున్న బుగ్గ, ఆడేవాడు తల తిప్పిన ప్రతిసారీ మారుతుంది.

అభ్యాసం: ఒకే రేకు మీద మూడు ముక్కులు లేపండి. కుదిరిన ముక్కును రంపంతో నిలువునా కోసి, కొన దగ్గర మందం కొలవండి. 0.5 మి.మీ. కన్నా తగ్గితే మళ్లీ చేయండి. కోసిన ముక్కు ఫొటో పంపినవాళ్లకే కళ్ల పాఠం.