రెండు లైన్లు తీసేశాం

కంచరపాలెంలో ప్రతి నెలా రెండో ఆదివారం మేం పదిమందిమి కలిసి బియ్యం, కందిపప్పు, నూనె ఇస్తుంటాం. మగవాళ్ళకో లైను, ఆడవాళ్ళకో లైను. ఆధార్ చూసి పేరు గట్టిగా పిలవడం నా పని. అంతా పద్ధతిగానే జరుగుతోందనుకున్నాను.

ఒకసారి ఓ ట్రాన్స్‌జెండర్ అక్క రోడ్డవతల టీకొట్టు దగ్గర గంటసేపు నిలబడి, వెళ్ళిపోబోయింది. వెనకే వెళ్ళి అడిగాను. "ఏ లైన్లో నిలబడమంటావు బాబూ? నువ్వు నా పాత పేరు అరిస్తే పేటంతా తిరిగి చూస్తాది" అంది. నాకు నోట మాట రాలేదు.

తర్వాతి నెల లైన్లు ఎత్తేశాం. పాత డైరీ అట్టలు కత్తిరించి నంబరు టోకెన్లు చేశాను. "ఏ పేరు రాయమంటారు?" అని అడిగి, చెప్పిన పేరే రాశాం. కార్డు అడగడం మానేశాం. మోసం చేస్తారని మాలో ఒకాయన గొడవ. ఐదు కిలోల బియ్యానికి ఎవరు అబద్ధమాడతారండీ!

కొందరి అద్దె గదుల్లో అసలు పొయ్యే లేదని ఆలస్యంగా తెలిసింది. వాళ్ళకి పులిహోర పొట్లాలు.

అసలు చిక్కు రేషన్‌ది. బియ్యానికి కార్డు, కార్డుకి ఆధార్, ఆధార్‌లో పాత పేరు. 2019లో వచ్చిన ట్రాన్స్‌జెండర్ల హక్కుల చట్టం కింద కలెక్టరు గుర్తింపు పత్రం ఇస్తే, మిగతా కాగితాల్లో పేరు మార్చుకోవచ్చు. జాతీయ ట్రాన్స్‌జెండర్ పోర్టల్‌లో అక్క దరఖాస్తు నా ఫోన్లోంచే పెట్టాం. ఫొటో మాత్రం మూడుసార్లు తీయించింది, బొట్టు సరిగ్గా పడలేదని.